అలుగు

గుణుపురం బస్టాండు వెనక
నా కొట్టు వెడల్పు ఆరడుగులు.
పగిలిన తెరలు, ఉబ్బిన బ్యాటరీలు,
తడిసిన ఫోన్లు పడుకునే బియ్యం డబ్బా.

హాస్టలు కుర్రాడు ఇసాక్ రైకా
రెండు అరచేతుల్లో పట్టే ఆట డబ్బా తెచ్చాడు.
"గెంతు బొత్తాం పోయిందన్నా.
నడుస్తాది గానీ గెంతదు."
నాదీ అదే జబ్బురా అనబోయి
చీటీ రాసిచ్చాను, శనివారం రమ్మని.

విప్పితే బొత్తాం కింద
ఎండిపోయిన మరమరం పలుకు ఒకటి.
స్పిరిట్ దూది, రెండు ఊదులు, నాలుగు మరలు.
బాగుపడిందో లేదో తెలియాలంటే
ఆడి చూడాలి కదా.

తెర మీద అలుగు పిల్ల.
ఒళ్ళంతా పెంకులు, మెడకి ఎర్ర తువ్వాలు,
బూరెంత మనిషి.
మా కొండల్లోదే. ఒడియాలో బజ్రకప్తా అంటారు.
బతికున్నదాన్ని నేనెప్పుడూ చూడలేదు.
నొక్కాను. గెంతింది.
దిగేటప్పుడు తోక
ఒక్క క్షణం ఆలస్యంగా దిగింది.

అక్కడ ఆపేస్తే అరవై రూపాయల పని.
ఆపలేదు.

ఆ లోకంలో శత్రువుల్లేరు. గడియారం లేదు.
గోతిలో పడితే చావదు,
తామరాకు గొడుగు పట్టుకుని
మెల్లగా పైకి తేలుతుంది,
మొహం మాత్రం ముడుచుకుని.
కాసేపు పట్టించుకోకపోతే చుట్టుకుని ఉండైపోతుంది,
ఒక కన్ను నా మీదే ఉంచి.
తెలుగులో దానికా పేరెవరు పెట్టారో గానీ
అలగడం బాగా తెలిసినవాళ్ళు.

ఆట మొత్తం మీద ఒక్క అక్షరం లేదు.
బాణం బొమ్మ, నీటిచుక్క బొమ్మ, నవ్వే రాయి.
బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు,
సంతలో సవర, బ్యాంకులో ఇంగ్లీషు.
నాన్న రాసిన పద్దుల పుస్తకం
ఇప్పటికీ కూడబలుక్కుని చదివేవాణ్ణి నేను.
దీన్ని తడుముకోకుండా చదివాను.

మూడో రాత్రి, వేర్ల గుహలో జలపాతం.
పైకెక్కే మెట్లు ఎదురుగానే ఉన్నాయి.
ఎందుకో నీళ్ళ వెనక్కి దూరాను.
గది.
గూట్లో దీపం, పొయ్యి మీద కుండ, నులకమంచం,
మేకుకి వేలాడుతూ పసుపు తువ్వాలు.
అలుగు దాన్ని మెడకి చుట్టుకుని
మంచమెక్కి దుప్పటి లాక్కుంది.
షట్టరు సగం దించి నేనూ కూర్చున్నాను
ఆ కుండ కుతకుతలు వింటూ.
బయట రాయగడ బస్సు ఆఖరి హారను.
ఇంటి నుంచి నాలుగోసారి ఫోను:
"ఏటి సేస్తన్నావింకా?"
"రిపేరు" అన్నాను.

శనివారం ఇసాక్ వచ్చి ఆన్ చేశాడు.
మూడు గూళ్ళు. మొదటి గూట్లో వాడి ఎర్ర అలుగు.
రెండో గూట్లో పసుపుది.
నలభై మూడేళ్ళ మీసంతో
బల్ల కింద ఏదో వెతికాను.

వాడు నవ్వలేదు.
"ఇదెక్కడ దొరికిందన్నా?"
"వేర్ల గుహ. నీళ్ళ వెనక."
"నీళ్ళెనక గదుందా!"
డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద ఉంచి
మెట్లు దిగి మళ్ళీ ఎక్కాడు.
"రెండో గూడు చెరపన్లే" అని చెప్పడానికి.

మర్నాడు ఆదివారం. కొట్టు లేదు.
రైసుమిల్లు గోడ పక్కన ఒక సందు,
ఊహ తెలిసినప్పట్నుంచీ
దాని ముందు నుంచే పోతున్నాను.
దూరాను.
ఊక కుప్ప. రెండు మేకలు. తలుపు లేని గుమ్మం.
గట్టెక్కితే వంశధార,
నేనెప్పుడూ చూడని పక్క నుంచి,
ఇంకెవరిదో నదిలా.
వల కుట్టుకుంటున్న ముసలామె తలెత్తింది.
"ఎవులబ్బాయివి బాబూ, దారి తప్పినావేటి?"
"లేదమ్మా, చూద్దామని."

మధ్యలో మిల్లు నీళ్ళ కాలవ, మూరన్నర.
పక్కనే పలక వంతెన ఉంది.
నా కుడి బొటనవేలు దానంతటదే కదిలింది.
చెప్పులు చేత పట్టుకుని గెంతాను.
పొట్ట
ఒక్క క్షణం ఆలస్యంగా దిగింది.